‘బిట్వీన్ యూ అండ్ మీ’ అని రాస్తే తప్పు పెట్టారు. సర్వనామం ముందు ప్రిపొజిషన్ వస్తే ఏ రూపం వాడాలి?

తుంగభద్ర_తీరం
మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. నిన్న సాయంత్రం బడి నుంచి రాగానే సంచీ అయినా దించకుండా ఇంగ్లీషు నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. స్నేహితురాలికి ఉత్తరం రాయమన్న అభ్యాసాన్ని ‘దిస్ సీక్రెట్ ఈజ్ బిట్వీన్ యూ అండ్ మీ’ అని ముగించింది. ఆ చివరి ‘మీ’ని ఎర్ర సిరాతో కొట్టివేసి, దాని పైన ‘ఐ’ అని దిద్ది, అంచున అర మార్కు తగ్గించారు. పిల్ల రాసిందే సరైనదని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాని ‘ఎందుకు నాన్నా?’ అని అడిగితే ‘చెవికి అలాగే బాగుంటుందమ్మా’ అనడం తప్ప కారణం చెప్పలేకపోయాను. నేను ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాణ్ణి. టీచరుగారి మీద ఫిర్యాదు చేయాలన్నది నా ఉద్దేశం కాదు, ఆవిడ ఒక్క రాత్రిలో అరవై నోటుబుక్కులు దిద్దుతారని నాకు తెలుసు. పదిహేనేళ్ళ పిల్లకు అర్థమయ్యే కారణం ఎవరైనా చెబితే చాలు.

గుంటూరు_మిరప
మీ అమ్మాయి రాసిందే సరైనది. ప్రిపొజిషన్ తరువాత వచ్చే సర్వనామం కర్మరూపంలోనే ఉండాలి. మీ, హిమ్, హర్, అస్, దెమ్ కర్మరూపాలు. ఐ, హీ, షీ, వుయ్, దే కర్తరూపాలు. బిట్వీన్ అన్నది ప్రిపొజిషన్ కనుక దాని వెనుక ‘ఐ’ రాకూడదు.

తుంగభద్ర_తీరం
ఈ నియమం ఆమె పుస్తకంలోనూ ఉందట. ఆమె సందేహం వేరు. ‘యూ ఎక్కడైనా యూ గానే ఉంటుంది, బిట్వీన్ పక్కనే ఉన్నా మారలేదు, మరి దాని తరువాత ఎక్కడో ఉన్న ఐ ఎందుకు మారాలి?’ అంటోంది. నాకు ఈ ప్రశ్న న్యాయంగానే తోచింది.

పాత_పలక
ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ బడుల్లో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మన తెలుగులోనే ఉంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మనం ‘ఇల్లు’ అంటాం కాని ‘ఇల్లులో’ అనం, ‘ఇంట్లో’ అంటాం. ‘నేను’ అంటాం కాని ‘నేనుతో రా’ అనం, ‘నాతో రా’ అంటాం. విభక్తి వచ్చి చేరబోతోందంటే చాలు, మాట ముందుగానే రూపం మార్చుకుని దానికి చోటిస్తుంది. ‘ఇల్లు’ ‘ఇంటి’ అయినప్పుడు వచ్చి చేరే ‘టి’ లాంటివాటిని చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలన్నారు. ఇంగ్లీషులోనూ జరిగేది ఇదే. మనకు ‘తో’ మాట చివర అతుక్కుంటుంది, వారికి ‘విత్’ మాట ముందు నిలబడుతుంది. ఎటు నిలబడినా మాట మీద ఒత్తిడి ఒకటే. ‘నేను’ ఎలా ‘నా’ అయిందో ‘ఐ’ అలా ‘మీ’ అయింది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామవాచకాలు సైతం ఇలా మారేవి. క్రమంగా ఆ మార్పులన్నీ అరిగిపోయి, సర్వనామాల్లో మాత్రం మిగిలాయి. అందుకే ‘హౌస్’ మారదు, ‘ఐ’ మారుతుంది. ఇక ‘యూ’ ఎందుకు మారదన్నారు కదా, అదీ ఒకప్పుడు మారేది. కర్తగా ఉన్నప్పుడు ‘యీ’ అనీ, ప్రిపొజిషన్ తరువాతా కర్మగానూ ‘యూ’ అనీ వాడేవారు. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలు అనువాదంలో ఈ తేడా చాలావరకు కనిపిస్తుంది. తరువాతి కాలంలో ‘యూ’ వచ్చి ‘యీ’ స్థానాన్ని కూడా ఆక్రమించింది. కాబట్టి మీ అమ్మాయి వాక్యంలోని ‘యూ’ మారకుండా ఉన్న మాట కాదు, మారిన రూపమే కర్తకు కూడా స్థిరపడిపోయిన మాట.

చివరిగా ఒక్క పరీక్ష. ‘బిట్వీన్ యూ అండ్ మీ’ని తెలుగులో చెప్పమనండి. ‘నీకూ నాకూ మధ్య’ అంటుంది. రెండు మాటలకూ ‘కు’ వచ్చింది చూడండి. ‘నీకూ నేనూ మధ్య’ అని తెలుగు పుట్టుక పుట్టిన ఎవరూ అనరు. ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అన్నది సరిగ్గా ఆ వాక్యమే.

మల్లెతీగ
మాస్టారూ, ‘నీకూ నేనూ మధ్య’ అని చదవగానే నాకు మొత్తం అర్థమైంది. ఇరవై ఏళ్ళుగా ఈ నియమాన్ని బట్టీపట్టి, ప్రతిసారీ తడబడి, చివరికి ఏదో ఒకటి రాసేదాన్ని.

అట్లాంటా_అమ్మ
మాస్టారి వివరణ చాలా బాగుంది కాని ఒక మాట అడ్డం చెప్పాలి. నేను పద్దెనిమిదేళ్ళుగా అట్లాంటాలో ఉంటున్నాను. మా ఆఫీసులో పెద్ద చదువులు చదివిన అమెరికన్లు, ఇంగ్లీషే మాతృభాష అయినవారు, ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అనడం వారానికి ఒకసారైనా వింటాను. షేక్స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో ఆంటోనియో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో కూడా ఈ ప్రయోగమే ఉంది. నాలుగు వందల ఏళ్ళుగా ఆ భాషవారే వాడుతున్నదాన్ని ‘ఎవరూ అనరు’ అని తోసిపుచ్చడం ఎలా కుదురుతుంది? ఆ టీచరుగారు ఎక్కడో విన్నదే దిద్ది ఉంటారు.

పాత_పలక
అట్లాంటా_అమ్మ గారూ, తెలుగులో ఎవరూ అనరన్నాను కాని ఇంగ్లీషులో ఎవరూ అనరని నేను అనలేదు. షేక్స్పియర్ వాడిన మాట నిజమే. అయితే ఇప్పటి వాడుకకు మరో కారణం కూడా ఉంది. అక్కడి పిల్లలు చిన్నప్పుడు ‘మీ అండ్ టామ్ వెంట్ టు ది పార్క్’ అంటారు. పెద్దలు వెంటనే ‘టామ్ అండ్ ఐ’ అనాలని సరిదిద్దుతారు. అలా పదేపదే దిద్దించుకున్న పిల్లల మనసులో ‘అండ్ ఐ’ అన్నదే మర్యాదైన మాట అని నాటుకుపోయి, అవసరం లేని చోట కూడా అదే వస్తుంది. మన పల్లెల్లో ‘శ’ పలకడం కొత్తగా నేర్చుకున్న పిల్లవాడు ‘సంచి’ని ‘శంచి’ అనడం లాంటిదే ఇది. తప్పు చేస్తామనే భయంలోంచి పుట్టిన తప్పు.

అట్లాంటా_అమ్మ
కారణం ఒప్పుకుంటాను. అది తప్పు అన్న తీర్పును మాత్రం ఒప్పుకోను. ఒక భాషవారు అంతమంది అలా మాట్లాడుతుంటే అది ఆ భాషలో ఒక వాడుక అవుతుంది. పరీక్షలో ఏం రాయాలన్నది వేరే ప్రశ్న, దానికి మీ జవాబే నా జవాబు.

గుంటూరు_మిరప
వాడుక అన్నంత మాత్రాన పిల్ల రాసిన సరైన వాక్యానికి మార్కు తగ్గించవచ్చా అండీ? ఇక్కడ జరిగింది అదే కదా. ‘ఐ’ రాసినవారిని క్షమించవచ్చు, ‘మీ’ రాసినవారిని శిక్షించకూడదు.

అట్లాంటా_అమ్మ
ఆ విషయంలో మనిద్దరికీ తగాదా లేదు.

విశాఖ_అల
నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మా కోచింగులో ఒక చిట్కా చెప్పారు. పక్కనున్న మనిషిని తీసేసి చదవమన్నారు. ‘హీ గేవ్ ది టికెట్స్ టు రవి అండ్ ఐ’ అని ఉంటే రవిని తీసేస్తే ‘టు ఐ’ అని మిగులుతుంది, అది తప్పని వెంటనే తెలిసిపోతుంది. కాని బిట్వీన్ దగ్గర ఈ చిట్కా పనిచేయడం లేదు, ‘బిట్వీన్ మీ’ అన్నా అర్థం రాదు. అక్కడేం చేయాలి?

పాత_పలక
అక్కడ ఇద్దరినీ కలిపి ఒక్క మాట చేయండి. ‘బిట్వీన్ వుయ్’ అంటారా, ‘బిట్వీన్ అస్’ అంటారా? ‘అస్’ కుదిరిన చోట ‘మీ’ కుదురుతుంది.

దస్తావేజు
సర్వనామం ప్రిపొజిషన్ పదబంధంలో ఇరుక్కుంటే ఎంత చిక్కు వస్తుందో నా వృత్తిలో చూశాను. నేను భూమి పత్రాలను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదిస్తుంటాను. ఒక పాత పంపకాల పత్రంలో ‘పెద్దవాడు తమ్మునికి తన వాటాలోని బావి నీరు వాడుకొనుటకు హక్కు ఇచ్చినాడు’ అని ఉంది. తెలుగులో ఇక్కడ సందేహానికి తావే లేదు. ‘తన’ అన్నది సాధారణంగా వాక్యంలోని కర్తకు చెందుతుంది కనుక బావి పెద్దవాడి వాటాలో ఉందన్నమాట. తమ్ముడి వాటాలో ఉంటే ‘అతని వాటాలోని’ అని రాసి ఉండేవారు.

నేను దాన్ని ‘ది ఎల్డర్ బ్రదర్ గేవ్ ది యంగర్ బ్రదర్ ది రైట్ టు యూజ్ ది వెల్ ఇన్ హిజ్ షేర్’ అని అనువదించాను. వ్యాకరణరీత్యా ఒక్క దోషం లేదు. కాని తెలుగు చదవలేని వకీలుగారు ‘ఇన్ హిజ్ షేర్’ను తమ్ముడి వాటాగా అర్థం చేసుకున్నారు. అప్పుడుగాని నాకు తెలిసిరాలేదు, ఇంగ్లీషు ‘హిజ్’లో మన ‘తన’, ‘అతని’ రెండూ కలిసిపోయాయని. కాగితం మీద వేలు పెట్టి ‘హిజ్ అంటే ఎవరు?’ అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర ఉన్న ఒకే ఆధారం తెలుగు మూలంలోని ‘తన’ అన్న రెండక్షరాలు. ఆ వాక్యాన్ని ‘ఇన్ ది ఎల్డర్ బ్రదర్స్ షేర్’ అని మార్చి మళ్ళీ సంతకం చేసి ఇచ్చాను. ఆనాటి నుంచి ఇద్దరు మగవారున్న వాక్యంలో ‘హిజ్’ రాయడం మానేశాను, పేరు ఎన్నిసార్లు తిరిగి వచ్చినా పేరే రాస్తాను.

నైట్‌షిఫ్ట్
దస్తావేజు గారు చెప్పింది చదివితే మా ఆఫీసు సంగతి గుర్తొచ్చింది. ‘వుయ్ విల్ డూ ది టెస్టింగ్ ఆన్ ఫ్రైడే’ అని క్లయింటుకు మెయిలు పంపాను. నా మనసులో ఉన్నది ‘మేము’. ఆయన చదువుకున్నది ‘మనం’. శుక్రవారం సాయంత్రం ఆయన తన వైపు ఇద్దరిని కూర్చోబెట్టి మాకోసం ఎదురుచూశారు. ఇప్పుడు ‘అవర్ టీమ్’ అనో ‘యువర్ టీమ్ అండ్ అవర్స్’ అనో విడదీసి రాస్తాను.

కరీంనగర్_కలం
మా బడిలో పిల్లలు ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, దే వర్క్ హార్డ్’ అని రాస్తారు. ఇంట్లో ‘మా నాయిన వచ్చిండ్రు’ అని మన్నన చేసి మాట్లాడే పిల్లలకు నాన్నను ‘హీ’ అనడానికి నోరు రాదు. ఇంగ్లీషు ‘హీ’లో అమర్యాద ఏమీ లేదని చెప్పడానికి ప్రతి ఏడూ జూన్‌లో ఒక పీరియడు కేటాయిస్తాను. ఆ తప్పును దిద్దుతానే గాని దాని వెనుకనున్న గౌరవాన్ని ఎన్నడూ కోప్పడలేదు.

మల్లెతీగ
కరీంనగర్_కలం గారూ, మీ పిల్లలు అదృష్టవంతులు.

విశాఖ_అల
ఇంకొక ప్రశ్న. ‘ది బాస్కెట్ ఆఫ్ మాంగోస్ ఈజ్’ అనాలా, ‘ఆర్’ అనాలా? మామిడిపళ్ళు చాలా ఉన్నాయి కదా అనిపించి నేను ప్రతిసారీ ‘ఆర్’ పెడతాను.

పాత_పలక
‘ఈజ్’. తెలుగులో ‘మామిడిపళ్ళ బుట్ట వచ్చింది’ అంటారు, ‘వచ్చాయి’ అనరు. ఇక్కడ మీకు పొరపాటు రాదు, ఎందుకంటే తెలుగులో అసలు మాట చివరన ఉంటుంది. మామిడిపళ్ళ మాట ముందే వచ్చి వెళ్ళిపోయి, బుట్ట క్రియకు ఆనుకుని కూర్చుంటుంది. ఇంగ్లీషులో వరుస తిరగబడుతుంది. బుట్ట ముందు వస్తుంది, దాని వెనుక ‘ఆఫ్ మాంగోస్’ అనే ప్రిపొజిషన్ పదబంధం వచ్చి బుట్టకూ క్రియకూ మధ్య అడ్డం నిలబడుతుంది. క్రియ రాసే సమయానికి చెవిలో మోగుతున్నది మామిడిపళ్ళే కనుక చేయి దానంతట అదే ‘ఆర్’ రాస్తుంది. అలాంటి చోట ‘ఆఫ్’ దగ్గర మొదలైన పదబంధాన్ని పెన్సిలుతో సన్నగా కప్పేసి, మిగిలినది చదవమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

దీనికి తోడుగా ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని రాసేవారు కోకొల్లలు. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అని మనసులో అనుకుంటే చాలు, ‘స్నేహితుల్లో’ అన్న బహువచనం ‘ఫ్రెండ్స్’ అని గుర్తుచేస్తుంది, ‘ఒకడు’ అన్న ఏకవచనం ‘ఈజ్’ అని గుర్తుచేస్తుంది.

గుంటూరు_మిరప
మాస్టారూ, ఇంతసేపూ మీతో ఏకీభవించాను కాని ఇక్కడ ఆగుతాను. ప్రతిదానికీ తెలుగును ఆసరా చేసుకోవడం మంచిది కాదని నా నమ్మకం. ‘రెండేళ్ళ నుంచి’ అన్న తెలుగు వల్లనే కదా మనవాళ్ళు ‘సిన్స్ టూ ఇయర్స్’ అంటున్నారు? ‘బిల్లు గురించి చర్చించారు’ అన్న తెలుగు వల్లనే కదా ‘డిస్కస్డ్ అబౌట్ ది బిల్’ అని పత్రికల్లో సైతం కనిపిస్తోంది? ‘బస్సులో’, ‘కారులో’ రెండింటికీ మనకు ‘లో’ ఒక్కటే, వారికి బస్సయితే ‘ఆన్’, కారయితే ‘ఇన్’. తెలుగు దారిచూపే చోట కంటే దారితప్పించే చోట్లే ఎక్కువ. ఇంగ్లీషును ఇంగ్లీషుతోనే నేర్చుకోవాలి.

పాత_పలక
బస్సు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు ‘ఆన్’ అనీ, ఒదిగి కూర్చునే కారు, ఆటోలకు ‘ఇన్’ అనీ గుర్తుపెట్టుకోవడం తప్ప తెలుగు అక్కడ సాయపడదు. ‘సిన్స్’ విషయంలోనూ అంతే. ‘2019 నుంచి’ అన్నప్పుడు ఒక బిందువు, ‘రెండేళ్ళ నుంచి’ అన్నప్పుడు ఒక నిడివి. మన ‘నుంచి’ రెండింటినీ మోస్తుంది, వారు బిందువుకు ‘సిన్స్’, నిడివికి ‘ఫర్’ అని పంచుకున్నారు.

కాని ‘డిస్కస్ అబౌట్’ నేరాన్ని తెలుగు మీద మోపకండి. చిన్నప్పుడు అందరం వల్లించిన విభక్తుల పట్టిక గుర్తుచేసుకోండి. ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి, ద్వితీయా విభక్తి’. ‘గురించి’ ఎక్కడ ఉంది? కర్మను చూపే ‘ని, ను’ల పక్కనే ఉంది. ‘బిల్లు గురించి చర్చించారు’ అంటే బిల్లు అక్కడ కర్మ. ఇంగ్లీషులో కర్మకు ప్రిపొజిషన్ అక్కరలేదు, క్రియ పక్కన నేరుగా నిలబడితే చాలు. కాబట్టి ‘డిస్కస్డ్ ది బిల్’. ‘గురించి’ కనబడగానే ‘అబౌట్’ రాయడం మన అలవాటే తప్ప తెలుగు వ్యాకరణం అలా చేయమనలేదు.

గుంటూరు_మిరప
అలాగైతే ‘టాక్ అబౌట్ ది బిల్’ అన్నప్పుడు అబౌట్ ఎందుకు ఉంది? అక్కడా ‘బిల్లు గురించి మాట్లాడారు’ అనే కదా అంటాం?

పాత_పలక
నిజమే. ‘టాక్’ తనంతట తాను కర్మను అంత తేలిగ్గా తీసుకోదు, ‘డిస్కస్’ తీసుకుంటుంది. క్రియను బట్టి నేర్చుకోవలసిందే, ద్వితీయ ఒక్కటే అన్నింటికీ తాళంచెవి కాదు. ఈ సవరణకు కృతజ్ఞుణ్ణి.

నైట్‌షిఫ్ట్
మా మేనేజరు ప్రతి మెయిలు చివర ‘ప్లీజ్ కాంటాక్ట్ సురేశ్ ఆర్ మైసెల్ఫ్’ అని రాస్తారు. నాకు చదివిన ప్రతిసారీ ఎక్కడో గుచ్చుకుంటుంది. అది సరైనదేనా?

దస్తావేజు
అక్కడ ‘మీ’ చాలు. ‘సెల్ఫ్’ చేరిన రూపం మామూలుగా అదే వాక్యంలో ఆ మనిషి ముందే వచ్చి ఉంటేనే రావాలి. ‘ఐ బ్లేమ్డ్ మైసెల్ఫ్’ అంటే ‘నన్ను నేనే నిందించుకున్నాను’. ‘సురేశ్‌నో నన్ను నేనో సంప్రదించండి’ అని తెలుగులో ఎవరైనా అంటారా? అయితే మనిషి ముందే వచ్చినా ‘సెల్ఫ్’ అక్కరలేని చోటు ఒకటి ఉంది, అది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. స్థలాన్ని చెప్పే ప్రిపొజిషన్ పదబంధంలో మామూలు సర్వనామమే వస్తుంది. ‘షీ కెప్ట్ ది బ్యాగ్ బిసైడ్ హర్’ అంటే సంచీని తన పక్కన పెట్టుకుంది. ‘బిసైడ్ హర్‌సెల్ఫ్’ అంటే అర్థమే మారిపోయి, దుఃఖంతోనో కోపంతోనో ఒళ్ళు తెలియని స్థితిలో ఉందని అవుతుంది. ఒక వాంగ్మూలం అనువాదంలో ఈ రెండో రూపం రాయబోయి చివరి నిమిషంలో ఆగాను.

మల్లెతీగ
ప్రిపొజిషన్‌తో వాక్యం ముగించకూడదని మా కాలేజీలో చెప్పేవారు. ‘హూమ్ ఆర్ యూ వెయిటింగ్ ఫర్’ తప్పు, ‘ఫర్ హూమ్ ఆర్ యూ వెయిటింగ్’ ఒప్పు అని. నిజమేనా?

అట్లాంటా_అమ్మ
ఇక్కడ రెండో వాక్యం ఎవరైనా అంటే అందరూ తిరిగి చూస్తారు. ‘హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్’ అన్నదే నేను రోజూ వినేది, ‘హూమ్’ కూడా వినపడదు.

పాత_పలక
ఆ నిషేధం కొందరి అభిరుచిలోంచి పుట్టింది. 1672లో జాన్ డ్రైడెన్ తనకు ముందుతరం వాడైన బెన్ జాన్సన్ రచనలో ఇలాంటి వాక్యాన్ని దోషంగా ఎత్తిచూపాడు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో, ఇది ఇంగ్లీషుకు సహజమైన నుడికారమేననీ, మామూలు మాటల్లో చక్కగా కుదురుతుందనీ, గంభీరమైన రచనలో మాత్రం ప్రిపొజిషన్‌ను ముందుకు తేవడం హుందాగా ఉంటుందనీ అన్నాడు. తరువాతివారు ఆ సలహాను చట్టంగా మార్చేశారు. ‘ఎవరి కోసం’ అన్నదాన్ని విడదీసి ‘కోసం’ను వాక్యం చివరికి పంపడం తెలుగులో అసాధ్యం కనుక మనకు ఆ నిషేధం మరీ సబబుగా తోచింది. కాని ‘ఫర్’ను ముందుకు తెస్తే మాత్రం దాని వెనుక ‘హూమ్’ తప్పనిసరి. ‘ఫర్ హూ’ అనకండి.

తుంగభద్ర_తీరం
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మాస్టారు చెప్పిన ‘ఇల్లు, ఇంటి’ మాట ఎత్తగానే అమ్మాయి కంచంలో చేయి అలాగే పెట్టి, ‘నోరు, నోటి. కన్ను, కంటి. ఏరు, ఏటి. పన్ను, పంటి’ అని ఒక్కొక్కటే తనే చెప్పుకుపోయింది. పక్కనున్న మా అమ్మ ‘గోరు, గోటి’ అని అందించింది. నాకు అంతకంటే ఏం కావాలి?

ఈ ఉదయం టీచరుగారిని బడి గేటు దగ్గర కలిసి ‘నీకూ నాకూ మధ్య’ అన్న మాట చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, తాను చదువుకున్న రోజుల్లో ‘అండ్ ఐ’ అనాలని గట్టిగా చెప్పారనీ, మళ్ళీ చూసి చెబుతాననీ అన్నారు. ఆవిడ మాటలో విసుగు ఏమీ లేదు.

అమ్మాయి ఇంకో ప్రశ్న తయారుగా పెట్టింది. ‘గివ్ ది ప్రైజ్ టు హూఎవర్ కమ్స్ ఫస్ట్’ అని ఆమె పాఠంలో ఉందట. ‘టు’ ప్రిపొజిషన్ కదా, దాని తరువాత ‘హూమెవర్’ రావాలి కదా, మాస్టారి నియమం ఇక్కడ ఏమైంది అని అడుగుతోంది.

దస్తావేజు
చాలా పదునైన ప్రశ్న. దీన్ని తెలుగులో పెట్టి చూడమనండి. ‘ఎవరు ముందు వస్తే వారికి బహుమతి ఇవ్వు’. మనకు ఇక్కడ రెండు సర్వనామాలున్నాయి. ‘వస్తే’కు కర్త ‘ఎవరు’, ‘ఇవ్వు’కు చెందినది ‘వారికి’. ‘కి’ చేరింది ‘వారి’కి గాని ‘ఎవరు’కు కాదు. ఇంగ్లీషు ఆ రెండు మాటలనూ ఒక్క ‘హూఎవర్’లో ఇమిడ్చింది. అలా ఇమిడ్చినప్పుడు ఆ మాట తన సొంత చిన్న వాక్యంలో చేసే పనిని బట్టే రూపం తీసుకుంటుంది. అది ‘కమ్స్’కు కర్త, కాబట్టి ‘హూఎవర్’. ‘టు’ పట్టుకున్నది ఆ ఒక్క మాటను కాదు, ‘హూఎవర్ కమ్స్ ఫస్ట్’ అన్న మొత్తం ముక్కను.

పాత_పలక
నేను ఇంతకంటే బాగా చెప్పలేను. అమ్మాయిని ఇంకొకటి కూడా తెలుగులో పెట్టి చూడమనండి: ‘గివ్ ఇట్ టు హూమెవర్ యూ లైక్’. ఇక్కడ ‘లైక్’కు కర్త ‘యూ’. ‘నీకు ఇష్టమైన వారికి ఇవ్వు’ అన్నప్పుడు ఆ వ్యక్తి ఇష్టపడేవాడా, ఇష్టపడబడేవాడా అన్నది ఆమెనే తేల్చుకోమని చెప్పండి, జవాబు ఇక్కడ రాయమనండి.